కొత్తపేట నుంచి బెంగుళూరుకు, రెండు కుక్కలతో

కోనసీమవాడు ఎటు బయల్దేరినా ముందు గోదావరి దాటాలి. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన బంగాళాఖాతం. ఇప్పుడు రావులపాలెం దగ్గర జాతీయ రహదారి వంతెనలున్నాయి. యానాం పక్కన ఎదుర్లంక వారధి ఉంది. అమలాపురం నుంచి రాజోలు వెళ్ళడానికి బోడసకుర్రు వంతెన, అక్కణ్ణుంచి నరసాపురం వైపు పోవడానికి దిండి–చించినాడ వంతెన వచ్చాయి. మా చిన్నతనంలో వీటిలో చాలావరకు లేవు. పంటు మీద మనుషులు, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, దూడలు అన్నీ కలిసే ఏరు దాటేవి. రైలు మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కోటిపల్లి–నరసాపురం లైను కోసం నదిలో స్తంభాలు లేచాయి గానీ అమలాపురంలో రైలెక్కే భాగ్యం మా తరానికి ఇంకా పట్టలేదు.

అందుకే మకాం బెంగుళూరుకు మార్చాలనుకున్నప్పుడు మా ఇంట్లో మొదట తేలిన సంగతి ఇదే: వెళ్ళేది రోడ్డు మీదే. రాజమండ్రి వెళ్ళి రైలెక్కొచ్చు కదా అన్నారు కొందరు. కుక్కను రైల్లో తీసుకెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో కూపేగానీ క్యాబిన్‌గానీ పూర్తిగా మన పేరునే దొరకాలి. లేదంటే గార్డు పెట్టెలో ఉండే ఇనుపగూట్లో వెయ్యాలి. స్లీపరు, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీల్లోకి రానివ్వరు. కూపే మన చేతిలో లేదు. ముసలికుక్కను రాత్రంతా ఆ చీకటిగూట్లో ఉంచడానికి మనసొప్పలేదు.

మావి రెండు కుక్కలు. టైగర్‌కు తొమ్మిదేళ్ళు. ఎర్రటి ఒళ్ళు, ఒక చెవి వాలిపోయిన నాటుకుక్క. మా పెరట్లోనే, కొబ్బరిదింపుల రోజున దొరికింది. రెండోది లక్కీ, రెండేళ్ళ లాబ్రడార్. దాన్ని పెంచిన కుటుంబం గల్ఫ్ వెళ్ళిపోతూ మాకు అప్పగించింది. రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు గల్ఫ్‌కు మనుషులు వెళ్ళని వీధి ఉండదు. తాళాలు పడిన ఇళ్ళు కొన్ని, ముసలివాళ్ళు మాత్రమే మిగిలిన ఇళ్ళు కొన్ని. ఆ ఇళ్ళ అరుగుల మీద, అన్నం పెట్టే చెయ్యి తిరిగొస్తుందని కూర్చునే కుక్కలూ మాకు కొత్తకాదు.

ఊళ్ళో మాట పాకాక వెటకారానికి లోటు లేకపోయింది. రోజూ కొబ్బరితోటలో కలిసే పెద్దాయన ఆగి, “ఏం మేష్టారూ, ధర్మరాజులాగా కుక్కని వెంటేసుకుని బయల్దేరుతున్నారంటగా? అమ్మగారు జాగ్రత్తండోయ్, ఆ దారిలో ముందు పడిపోయింది ద్రౌపదేనండి!” అన్నాడు. “ఆయ్, మాకు హిమాలయం కాదండి, హోసూరు రోడ్డండి” అంది మా ఆవిడ. తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వం చదవనివాళ్ళకు కూడా మా వైపు ఆ కథ తెలుసు. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటే, నమ్మి వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. హాస్యానికి చెప్పుకున్నా, ఆ పర్వంలో పరీక్ష అంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

“ఎవరికైనా ఇచ్చెయ్యండి, లేదా రేవు దగ్గర వదిలేస్తే అదే బతుకుతుంది” అన్నవాళ్ళూ ఉన్నారు. ఎలా బతుకుతుందో లంకల్లో చూశాం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు కిందికి వదిలిన రోజుల్లో పి.గన్నవరం వైపు లంకలు మునిగాయి. పడవలో చోటు ముందు పసిపిల్లలకు, తర్వాత పెద్దవాళ్ళకు, ఆ తర్వాత సామానుకు. కుక్కల వంతు ఆఖరున, అదీ చోటు మిగిలితేనే. వరదలో అది తప్పనిసరి. ఇల్లు మారేటప్పుడు ఆ తప్పనిసరి ఏమీ లేదు. పైగా ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను కింద నేరం. ఈ సంగతి మా ఊళ్ళో చెబితే నవ్వారు. అయినా చెప్పాను.

ఇక తయారీ. పశువుల ఆసుపత్రికి వెళ్ళి, “ఈ నెలాఖరుకు బయల్దేరదాం అనుకుంటున్నామండి” అంటే డాక్టరుగారు కేలండరు వంక చూసి, “మీ ప్రయాణం మీరు కారెక్కినప్పుడు మొదలవుద్దండి. వాటి ప్రయాణం మీరు బీరువా కదిపిన రోజునే మొదలవుద్ది. ఇంకో నెల జరపండి” అన్నారు. మా ఏర్పాట్లన్నీ ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగాయి. కుక్కకు కొత్త ఊరంటే తెలియదు, దూరమంటే తెలియదు. తెలిసింది వాసనలు, వేళలు, మనుషుల గొంతులు. అవి తారుమారైనప్పుడే దాని ఇల్లు కదిలినట్టు.

ముందు టీకాలు. రేబిస్ టీకా ఏటా వేయించాలి. మొదటిసారి వేయించుకున్న కుక్కకు రక్షణ పూర్తిగా రావడానికి మూడు వారాలు పడుతుంది కాబట్టి, బయల్దేరే ముందురోజు సూది వేయించి కాగితం పట్టుకెళ్తే లాభం లేదు. డిస్టెంపర్, పార్వో లాంటివాటికి కలిపి వేసే సూది వేరే ఉంది. దాంట్లో ఎలుకల మూత్రం వల్ల నీళ్ళలో వ్యాపించే లెప్టోస్పైరోసిస్‌కు కూడా రక్షణ ఉండేదాన్ని ఎంచుకోమన్నారు. కాలవగట్ల మీద తిరిగే కుక్కలకు అది తప్పనిసరి. ఆపైన గోమార్లు. మా వైపు గాలిలో తేమ ఎక్కువ, గడ్డి ఎక్కువ, గోమార్లూ ఎక్కువే. వాటివల్ల వచ్చే జ్వరం పైకి కనపడకుండా ఉండి, ప్రయాణపు బడలిక తగలగానే బయటపడుతుందట. అందుకని రెండింటికీ రక్తపరీక్ష చేయించాం. టైగర్‌కు గుండె, కీళ్ళు కూడా చూశారు.

“దారిలో గొడవ లేకుండా మత్తుబిళ్ళ ఏదైనా ఇవ్వండి” అని అడిగాను. “వద్దండి” అన్నారు ఖరాకండీగా. మత్తులో ఉన్న కుక్క ఒళ్ళు వేడెక్కినా సర్దుకోలేదు, బండి ఊగినప్పుడు నిలదొక్కుకోలేదు, రక్తపోటు కూడా పడిపోవచ్చు. వాంతి రాకుండా ఇచ్చే బిళ్ళ వేరే ఉంది, లక్కీకి అది చాలన్నారు. రెండు కుక్కలూ ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నాయని ధ్రువపత్రం మాత్రం బయల్దేరే ముందే రాసిచ్చారు.

కాలం చూసుకోవడం కోనసీమలో పెద్ద లెక్క. జూలై, ఆగస్టుల్లో గోదావరి వరద. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్ళెవరూ ఆ రోజుల్లో ప్రయాణం పెట్టుకోరు. మార్చి దాటితే ఎండ. సంక్రాంతికి హైదరాబాదు, బెంగుళూరు కార్లన్నీ మా వైపే వస్తాయి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, దాంతోపాటు మందుగుండు. ఆ చప్పుళ్ళకు టైగర్ మంచం కిందనుంచి బయటికే రాదు. అన్నీ తీసేస్తే మిగిలింది మాఘమాసం. అంతర్వేది తీర్థం రద్దీ తగ్గాక, ఫిబ్రవరిలో ముహూర్తం పెట్టుకున్నాం.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది కారు అలవాటు చెయ్యడానికి. టైగర్ పుట్టి బుద్ధెరిగి కారెక్కలేదు. దానికి కారంటే వెంటపడి మొరగాల్సిన వస్తువు. ముందు బండిని పెరట్లో నిలబెట్టి, తలుపులు నాలుగూ తీసి, ఇంజను ఆపేసి, లోపల దాని గోనెపట్టా పరిచాం. అన్నం గిన్నె మొదట టైరు పక్కన, తర్వాత తలుపు దగ్గర, ఆపైన సీటు మీద. చేప తలకాయ కలిపిన అన్నం ముందు ఏ భయమూ ఎక్కువకాలం నిలవదు. లోపల కూర్చుని తినడం అలవాటయ్యాక ఇంజను వేశాం. ఆ తర్వాత వీధి చివరిదాకా, ఆ పైన కొత్తపేట సెంటరుదాకా, తర్వాత రావులపాలెం అరటికాయల మార్కెట్టు దాకా తిప్పాం. గెలలు దించే లారీల హారన్లు, హమాలీల కేకలు, డీజిలు వాసన అన్నీ అక్కడే పరిచయం చేశాం. ఒక ఆదివారం సిద్ధాంతం వంతెన దాటించి అవతల కాసేపు నడిపించి తీసుకొచ్చాం. వంతెన అతుకుల మీద టైర్లు టకటకమంటే మొదట ముడుచుకున్న టైగర్, వచ్చేటప్పుడు కిటికీలోంచి ఇసుకతిన్నెలు చూసుకుంటూ వచ్చింది. ప్రతి తిరుగుడు చివరా మంచి జరగాలి. కారెక్కితే ఆసుపత్రి, సూది అనే లెక్క కుక్క మనసులో పడిందా, ఇక ఎక్కించడం కష్టం.

కార్లో కుక్కను ఎలా కట్టాలన్నది ఇంకో సంగతి. మెడకు గొలుసు వేసి సీటుకు కడితే, బ్రేకు కొట్టినప్పుడు బరువంతా మెడమీద పడుతుంది. ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ కొని, దాని పట్టీని సీటుబెల్టు కొక్కేనికి తగిలించాం. లక్కీకి మాత్రం గాలి ఆడే బోను. దాంట్లో అది నిలబడగలగాలి, తిరగగలగాలి, కాళ్ళు చాపి పడుకోగలగాలి. ముందు సీట్లో కుక్కను కూర్చోబెట్టడం మంచిది కాదు, ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే ప్రాణానికే ముప్పు. మెడపట్టీలకు మా ఇద్దరి ఫోను నంబర్లూ చెక్కించిన బిళ్ళలు వేయించాం. టీకా పుస్తకాలు, ఆరోగ్య పత్రం, రెండు కుక్కల ఫోటోలు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టాం.

దారి పొడవునా పశువైద్యం ఎక్కడ దొరుకుతుందో కూడా రాసుకున్నాం. అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో చార్లీ అనే తన ముసలి పూడిల్‌ను వెంటబెట్టుకుని దేశం చుట్టి, 1962లో పుస్తకం వేశాడు. దారి మధ్యలో చార్లీకి మూత్రం బంద్ అయితే ఊరుగాని ఊళ్ళో వైద్యుడి కోసం ఆయన పడిన తంటాలు అందులో ఉన్నాయి. ఆ విషయంలో మన దారి మేలు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల రోడ్డు మీదే తగులుతుంది. తిరుపతిలో 1955 నుంచీ నడుస్తున్న పశువైద్య కళాశాల ఉంది. బెంగుళూరు చేరితే హెబ్బాళ కళాశాల. మూడు పెద్ద దిక్కులున్న రహదారి అది.

సామాను ఎత్తే రోజు కుక్కలకు కీడు రోజు. అట్టపెట్టెలు, టేపు చప్పుడు, తెలియని మనుషులు, బార్లా తెరిచిన గేటు. కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా ఇలాంటి రోజునే. డీసీఎం వ్యాను వచ్చేలోగా రెండింటినీ పక్కింటివాళ్ళ కొబ్బరిపాకలో పెట్టి, మా ఆవిడ అక్కడే కూర్చుంది. టైగర్ గోనెపట్టా, లక్కీ పాత దుప్పటి ఉతకవద్దని ముందే అనుకున్నాం. ఆ మురికే వాటికి ఇంటి గుర్తు. అవి, గిన్నెలు, వారానికి సరిపడా తిండి, ఇంటి బోరునీళ్ళ క్యాన్లు సామాను బండిలోకి ఎక్కకుండా మా కార్లోకే వచ్చాయి. తిండి, నీళ్ళు ఒక్కసారిగా మార్చితే విరేచనాలు పట్టుకుంటాయి.

తిండి వేళలకు మా సొంత తెలివి వాడలేదు. మన దేశంలో 1978 నాటి జంతువుల రవాణా నిబంధనలున్నాయి. కుక్కలను దూరం తీసుకెళ్ళేటప్పుడు బయల్దేరడానికి కనీసం రెండు గంటల ముందు తిండి, నీళ్ళు పెట్టాలి. ఎక్కించే ముందు నడిపించాలి. వేసవిలో నాలుగు గంటలకోసారి, చలికాలంలో ఆరు గంటలకోసారి నీళ్ళివ్వాలి. పెద్దకుక్కకు పన్నెండు గంటలకోసారి, పిల్లకు నాలుగు గంటలకోసారి తిండి. ఎదకొచ్చిన ఆడకుక్కను మగకుక్కతో కలిపి తీసుకెళ్ళకూడదు. అవి సరుకుగా పంపేవాళ్ళను మనసులో పెట్టుకుని రాసినవే అయినా, ఇంటి కారుకూ అంతకంటే మంచి పట్టిక దొరకదు. నీళ్ళ విషయంలో మేం వేసవి లెక్కే పాటించాం.

తెల్లవారుజామున మూడింటికి కొద్దిగా పెరుగన్నం పెట్టి, కాలవగట్టు మీద నడిపించి, ఐదింటికి బండి తీశాం. రావులపాలెంలో 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, ఈతకోట టోలుగేటు దాటి, చీకట్లోనే వసిష్ఠ దాటాం. అలవాటైన వంతెనే కాబట్టి టైగర్ తల కూడా ఎత్తలేదు. తణుకు దగ్గర తెల్లారింది. తాడేపల్లిగూడెం దాటాక లక్కీ ఒకసారి నురగ కక్కింది. బండి పక్కకు తీసి, మూతి తుడిచి, పావుగంట ఆగితే సర్దుకుంది.

ఏలూరు సమీపిస్తుంటే దక్షిణాన కొల్లేరు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో జోనంగి అనే మన తెలుగు కుక్కజాతి ఉంది. పొట్టి వెంట్రుకలు, నున్నని చర్మం, మొరుగుడు తక్కువ, ఊళలాంటి గొంతు. బాతుల మందల్ని తోలేవాళ్ళు దాన్ని వాడేవారు. బాతులతోపాటు చేలవెంట నడిచే కుక్కకు కారూ లేదు, బోనూ లేదు. కుక్కను వెంటబెట్టుకుని దూరాలు పోవడం నగరాలవాళ్ళు మనకు నేర్పిన ముచ్చట కాదు. కోతలయ్యాక మా గోదావరి చేలల్లో మంద కట్టడానికి గొర్రెలు తోలుకొచ్చే కాపరుల వెంట ప్రతి ఏడూ కుక్కలు వస్తూనే ఉన్నాయి. ఎరువు కోసం రైతు వాళ్ళను పిలిచి రాత్రి తన చేలో మంద ఆపించుకుంటాడు. ఆ రాత్రి కాపలా అంతా కుక్కలదే.

విజయవాడలో కృష్ణ దాటి, కాజ టోలుగేటు దాటాక ఎండ మొదలైంది. కుక్కలతో రోడ్డు ప్రయాణంలో అసలు శత్రువు ఎండే. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్క చల్లబడేది ముఖ్యంగా నాలుక చాచి రొప్పడంతోనే. మూసిన కారు ఎండలో నిలబెడితే అరగంటలోనే లోపలి వేడి బయటికన్నా పదిహేను, ఇరవై డిగ్రీలు పెరుగుతుంది. కిటికీ రెండంగుళాలు దించినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. అందుకని మేమిద్దరం కలిసి హోటల్లోకి వెళ్ళడం అనే మాటే పెట్టుకోలేదు. ఒకరు తింటుంటే ఒకరు చెట్టుకింద కుక్కల దగ్గర. చిలకలూరిపేట దాటాక ఇడ్లీలు పొట్లం కట్టించుకున్నాం.

దాబాల దగ్గర ఇంకో చిక్కు. ఆ స్థలం సొంతదార్లు అక్కడి వీధికుక్కలు. మన కుక్క తలుపులోంచి దిగగానే నలువైపుల నుంచీ వచ్చేస్తాయి. పట్టీ చేతికి చుట్టుకోకుండా తలుపు తియ్యకూడదు. దాబాలు వదిలేసి, చెట్లూ నీడా ఉన్న పెట్రోలు బంకుల దగ్గర, బంకువాళ్ళను అడిగి ఆగడం మొదలుపెట్టాం. అడిగిన ప్రతిచోటా సరేనన్నారు. ఒకచోట బంకు కుర్రాడు గొట్టంతో తొట్టిలోకి నీళ్ళు కూడా వదిలాడు. ఒంగోలు దగ్గర మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా ఆగిపోయాం.

కావలి సమీపంలో సర్వీసు రోడ్డు మీద గొర్రెల మంద అడ్డొచ్చింది. వెనకాల రెండు కుక్కలు, ఒక గాడిద, నెత్తిన తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన. మంద దాటేదాకా ఇంజను ఆపి మాటలు కలిపాను. “ఎంతదూరం నడుస్తాయి పెద్దాయనా ఈ కుక్కలు?” అంటే, “మేం యాడికి పోతే ఆడికి సామీ. పొద్దెక్కినాక మాత్రం తారు మీద నడిపీము. కాళ్ళు బొబ్బలెక్కి పోతాయి. తెల్లారుజామున, మాపటేళ తోల్తాం. మజ్జాన్నం చెట్టుకిందే” అన్నాడు. మా డాక్టరుగారు చెప్పిన పరీక్ష కూడా ఇదే: అరచేతి వెనకభాగం తారుకు ఆనించి ఏడెనిమిది సెకన్లు ఉంచలేకపోతే, ఆ రోడ్డు మీద కుక్కను దించకూడదు. పెద్దాయన కారులో తొంగిచూసి, బోనులో కాళ్ళు చాపి పడుకున్న లక్కీని చూసి, “యోగం సామీ దానిది” అని నవ్వి గొర్రెల్ని అదిలించాడు.

రాత్రి బస నెల్లూరులో. ఒక లాడ్జి ఫోనులో కింది అంతస్తు గది ఇస్తామంది. తీరా వెళ్తే కౌంటరు దగ్గర టైగర్‌ను చూసి మాట మార్చింది. “చిన్నకుక్కలనుకున్నామండి” అన్నారు. బయల్దేరే ముందే రెండో ఏర్పాటు ఉంచుకున్నాం కనుక తగాదా పడలేదు. ఊరి చివర ఉంటున్న నా పాత విద్యార్థి ఇంటికి వెళ్ళాం. “రండి మేష్టారూ, అరుగు ఉంది, గేటు ఉంది, ఇంకేం కావాలి” అన్నాడు. వాళ్ళావిడ మాకు చేపల పులుసు వడ్డించింది. కుక్కలకు మాత్రం మేం తెచ్చిన తిండే పెట్టాం. ముళ్ళూ, పులుపూ, ఉల్లిపాయా ప్రయాణంలో ఉన్న కడుపుకు పనికిరావు. ఉల్లి కుక్కకు ఎప్పుడూ మంచిది కాదు. రాత్రి టైగర్ చాలాసేపు గేటు దగ్గరే నిలబడింది. గోనెపట్టా తెచ్చి నా మంచం పక్కన వేస్తే వచ్చి పడుకుంది. ఉతకకుండా తెచ్చినందుకు ఆ రాత్రి ఫలితం కనిపించింది.

మర్నాడు నాయుడుపేట దగ్గర పెద్ద రహదారి వదిలి శ్రీకాళహస్తి, రేణిగుంటల మీదుగా తిరుపతి. “ఆ దారిన పోతూ దర్శనం చేసుకోరా?” అని చుట్టాలు ముందే అడిగారు. కార్లో కుక్కల్ని వదిలి కొండెక్కే వీల్లేదు. రోడ్డు మీద నుంచే శేషాచలం వంక చూసి దణ్ణం పెట్టుకున్నాం. చంద్రగిరి కోట, చిత్తూరు, ఆపైన మొగిలి ఘాటు. మలుపుల్లో లక్కీకి మళ్ళీ కడుపులో తిప్పుతుందేమోనని వేగం తగ్గించి, కిటికీలు కాస్త దించాం. తల బయట పెట్టనివ్వలేదు. కుక్క గాలికి తల బయటపెట్టి పోవడం చూడ్డానికి బాగుంటుంది గానీ, దుమ్ము, రాయి కంట్లో పడితే ఆ సరదా ఆసుపత్రిలో తేలుతుంది.

పలమనేరు దాటేసరికి గాలి మారింది. ఉక్క లేదు, ఉప్పుతేమ లేదు. టైగర్ ముక్కు ఆపకుండా ఆడుతోంది. నంగిలి దగ్గర కర్ణాటకలోకి వెళ్ళాం. కాగితాల సంచి సిద్ధంగా పెట్టుకున్నాం గానీ ఎవరూ అడగలేదు. అడిగినప్పుడు లేకపోవడం కంటే ఇది నయం. ముళబాగిలు, కోలారు దాటి, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగుళూరు చేరేటప్పటికి సాయంత్రమైంది. మొత్తం దూరం ఎనిమిది వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. ఒక మనిషి పట్టుదలగా నడిపితే ఒక్కరోజులో అయిపోయే దారే. కుక్కలుంటే రెండురోజుల దారి అనుకోవాలి.

ఇంటి సంగతి ముందే తేల్చుకున్నాం. అద్దె కాగితంలో రెండు కుక్కలని రాయించాం. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్టుమెంటు సంఘాలు కుక్కల్ని నిషేధిస్తూ తీర్మానం చెయ్యకూడదు. అలాగని హక్కు గురించి మాట్లాడేముందు పొరుగువాళ్ళ భయం గురించి మాట్లాడితే పని సులువవుతుంది. ముందునుంచే బెంగుళూరులో ఉన్న మా అమ్మాయి మేం రాకముందే పై ఇంటికీ, కింది ఇంటికీ వెళ్ళి, టీకాలు వేయించిన సంగతి, పట్టీ లేకుండా బయటికి రావన్న సంగతి చెప్పి ఉంచింది. నగరపాలక సంస్థ లైసెన్సుకు రేబిస్ టీకా కాగితం కావాలి. అదీ సంచిలోనే ఉంది.

మొదటి వారాల్లో కుక్కల్ని ఒక్క గదితోనే మొదలుపెట్టి, మెల్లగా ఇల్లంతా చూపించాం. తిండి వేళలు కొత్తపేటలోవే. లక్కీకి కొత్త ఊరు రెండోరోజునే నచ్చింది. దానికి మనుషులుంటే చాలు. లిఫ్టును ఇష్టపడటానికి టైగర్‌కు చాలాకాలం పట్టింది. మెట్లమీదే తీసుకెళ్ళేవాళ్ళం. మట్టి కనపడితే ఆగిపోయేది. పెరట్లో తిరిగిన కుక్కను ఫ్లాటులో పెట్టినప్పుడు రోజుకు మూడునాలుగుసార్లు నేలమీద నడిపించే ఓపిక ఇంటివాళ్ళకు ఉండాలి. అది లేనివాళ్ళు దాన్ని తెచ్చి బాధపెట్టడం కంటే, ఊళ్ళో నమ్మకమైన ఇంటికి అప్పగించి, కొన్నాళ్ళు తిండి ఖర్చు పంపడం మంచిది. ఈ మాట కుక్కలంటే ప్రేమ ఉన్నవాళ్ళకే ముందు చెప్పాలి.

ఇల్లు మారబోయేవాళ్ళకు నేను చెప్పేదొక్కటే. సామాను బండివాడికి ఫోను చెయ్యడానికి ముందు పశువుల డాక్టరును కలవండి. ఆపైన నెలో రెండు నెలలో గడువు పెట్టుకుని కారును వాటికి పరిచయం చెయ్యండి. ఎండ వేళ ఆగండి, నీళ్ళు మర్చిపోకండి, పట్టీ చేతిలో లేకుండా తలుపు తియ్యకండి. తీసుకెళ్ళలేమని ముందే తెలిస్తే, బయల్దేరే రోజుదాకా ఆగకుండా దానికో ఇల్లు చూడండి. గేటుకు తాళం వేసి, అరుగు మీద దాన్ని వదిలేసి మాత్రం వెళ్ళకండి.